గురువారం పడవ

డాక్టరమ్మ చెప్పిన దాంట్లో ఒక్క మాటే గుర్తుంది నాకు:
ఆలస్యం.
కాస్త్రో ఆసుపత్రి నుంచి వానలో తిరిగొస్తూ
ఫెర్రీ మీద ఆ మాటనే నములుతూ కూర్చున్నాను.
ఆలస్యం నాకు తెలియని సరుకు కాదు.
గాలి తిరిగితే పడవ ఆలస్యం,
సముద్రం ఎర్రబడితే ఆల్చిప్పల కోత ఆలస్యం,
కంపెనీ డబ్బు ఎప్పుడూ ఆలస్యమే.
వచ్చేదేదో వస్తుంది, కాచుకుని కూర్చోడమేగా అనుకున్నాను.

పద్నాలుగు నెలలు ఎలిసెయోకి.
మెడ నిలిపాడు గానీ నడుము నిలపడు.
కూర్చోబెడితే తడిసిన వలలా
ఒక పక్కకి జారిపోతాడు.
వాడి తరవాత పుట్టిన పక్కింటి పిల్ల
దోగాడుతూ మా గడప దాటొచ్చి
వాడి చేతిలో రొట్టె లాక్కుపోయేది.
మార్లెన్ నవ్వేది.
తలుపు మూశాక నవ్వేది కాదు.

యాస్నా గురువారం పడవలో వచ్చింది.
రబ్బరు బూట్లు, ముక్కు కొసన వాన చుక్క.
ఆమె తెచ్చే బొమ్మల కోసం
పొయ్యి పక్కన జాగా చేసిపెట్టింది మా అమ్మ.
చేతుల్లో ఏమీ లేదు.
"నేను తెస్తే నాతోపాటే పడవెక్కి వెళ్ళిపోతాయి," అంది.
"మీ ఇంట్లో ఏమున్నాయో చూపించండి."

మా ఇంట్లో ఏముంటాయి?
బంగాళాదుంపల బుట్ట, చెక్క గరిటె, ఉన్ని ఉండ,
అడుగు సొట్టపోయిన తొట్టి.
దుంపలన్నీ నేల మీద గుమ్మరించి
బుట్టలో గొర్రెతోలు పరిచి
నా కొడుకుని అందులో కూర్చోబెట్టింది.
వాడు పడలేదు.
పుట్టాక మొదటిసారి
రెండు చేతులూ ఖాళీ అయ్యాయి వాడికి.
వాటితో ఏం చెయ్యాలో తెలీక
వాటినే చూసుకున్నాడు చాలాసేపు.

కోపం వచ్చింది నాకు, ఒప్పుకుంటాను.
నా బుట్ట నాకు చూపించడానికా
సర్కారు ఇంత దూరం మనిషిని పంపింది?
నా మొహం చదివినట్టుంది యాస్నా.
"వారంలో ఒక్క గంట నాది. మిగతావన్నీ మీవి.
మీరు వాడికి ముద్ద పెట్టే వేళకి
నేను నీళ్ళకి అవతల ఉంటాను."

అలా నేర్చుకున్నాం.
చెంచా నోటిదాకా పోనివ్వకుండా
జానెడు దూరంలో ఆపి,
పది లెక్కపెట్టి,
వాడి చెయ్యి కదులుతుందేమో చూడడం.
తుపానులో లంగరు వెయ్యడం తేలిక దానికంటే.
వేళ్ళ కొసలన్నీ ఒకచోట చేర్చి
రెండు చేతుల్నీ పిట్టముక్కుల్లా తాటించడం:
ఇంకా.
ఇంకా పాలు. ఇంకా గరిటె చప్పుడు.
నెలల తరబడి ఇంట్లో మేమే పిట్టలం.
వాడు చూసేవాడు, అంతే.
మా అమ్మ మేరీమాత పటం ముందు కూడా
వేళ్ళు అలా తాటిస్తుంటే చూశాను ఒకసారి.
ఏం అడిగిందో నేను అడగలేదు.

జూలైలో మూడు గురువారాలు రేవు మూసేశారు.
మూడో గురువారం రాత్రి కరెంటు పోయింది.
అగ్గిపుల్ల గీశాను, ఊదేశాను.
మళ్ళీ గీసేసరికి
బుట్టలోంచి రెండు పిడికిళ్ళు
ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.
తగిలాయి.
మార్లెన్ అరిచిన అరుపుకి కుక్క లేచింది.
పెట్టెలో పుల్లలన్నీ అయిపోయేదాకా గీశాను.
ఆ సంగతి వినాల్సిన మనిషి అవతలి గట్టున ఉంది,
ఫోనులో సిగ్నలు లేదు.

ఇప్పుడు వాడికి మూడేళ్ళు.
యాస్నా వేరే దీవికి వెళ్తోంది, వేరే బుట్టల దగ్గరికి.
రేవులో ఎవరైనా అడుగుతారు, నడుస్తున్నాడా అని.
ఇంకా లేదు, అంటాను.
ఇంకా అన్న మాట దగ్గర
నా నోరు ఒక్క క్షణం ఆగుతుంది ఈమధ్య.

నిన్న ఇంజను హోరులో
నిబాల్దో తాడు వదులుతున్నాడు, చాలడం లేదు.
అరిచినా వినబడదు.
నా వేళ్ళ కొసలు వాటంతటవే కలిశాయి, రెండుసార్లు.
అతను ఒక్క క్షణం నావైపు చూసి
తాడు వదిలాడు.